మాలిబ్డినం నాళానికి 18 కిలోవోల్టులు ఇచ్చినా కే-ఆల్ఫా శిఖరం ఎందుకు రాదు?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని, బెంగళూరు):
నమస్కారం. మాలిబ్డినం లోహం ప్రత్యేకంగా వెలువరించే ఎక్స్-కిరణాల్లో ఒకటైన కే-ఆల్ఫా ఫోటాన్ శక్తి సుమారు 17.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టులని పట్టికలో ఉంది. అలాంటప్పుడు ఎక్స్-కిరణ నాళానికి 18 కిలోవోల్టులు ఇస్తే, టార్గెట్‌ను తాకే ఎలక్ట్రాన్ దగ్గర అంతకన్నా ఎక్కువ శక్తే ఉంటుంది కదా. అయినా తరంగదైర్ఘ్యం-తీవ్రత గ్రాఫులో 20 కిలోవోల్టులు దాటేదాకా ఆ శిఖరం జాడ లేదు. 25 దగ్గర మాత్రం కే-ఆల్ఫా, కే-బీటా రెండూ నిలువుగా లేచి ఉన్నాయి. వోల్టేజీ మార్చినప్పుడు వక్రరేఖ ఎడమ అంచు జరుగుతోంది గానీ శిఖరాలు ఉన్నచోటే ఉంటున్నాయి. రెండు రోజులుగా ఇక్కడే ఆగిపోయాను.

జవాబు (భౌతికశాస్త్ర అధ్యాపకుడు, చెన్నై):
చాలామంది గమనించకుండా దాటిపోయే చోట మీరు ఆగారమ్మా. అన్నిటికన్నా లోపలి కర్పరమైన కే ఎలక్ట్రాన్‌ను దాని పైనున్న ఎల్ కర్పరం దాకా లేపితే చాలుననుకోవడంలోనే చిక్కంతా ఉంది. ఎల్‌లో ఉన్న ఎనిమిది స్థానాలూ నిండి ఉన్నాయి కనుక దానికి అక్కడ చోటు దొరకదు. పరమాణువు నుంచే బయటికి వెళ్ళాలి, అందుకు 20.0 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ఆ ఖాళీలోకి ఎల్ నుంచి ఎలక్ట్రాన్ దిగితే, ఎల్ బంధన శక్తి (అక్కడి ఎలక్ట్రాన్‌ను పరమాణువు నుంచి విడదీయడానికి పట్టే శక్తి) 2.5 పోగా 17.5 ఫోటాన్‌గా వెలువడుతుంది. ఎల్‌కు పైనున్న ఎమ్ కర్పరం నుంచి దిగితే 0.4 పోగా 19.6, అదే కే-బీటా. రెండింటికీ కావలసింది ఒకే ఖాళీ కాబట్టి రెండూ కలిసే పుడతాయి. శిఖరాల స్థానాన్ని ఆ మూలకపు కర్పరాలే నిర్ణయిస్తాయి. 1913లో బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త మోస్లే ఆ స్థానాలను పరమాణు సంఖ్యతో ముడిపెట్టగలిగింది అందువల్లే. ఎడమ అంచు మాత్రం వచ్చిన ఎలక్ట్రాన్ తన శక్తినంతా ఒక్క ఫోటాన్‌కే ఇచ్చేసిన సందర్భం కనుక వోల్టేజీ వెంటే నడుస్తుంది.

జవాబు (ఎక్స్-రే టెక్నీషియన్, బెంగళూరు):
మేము వాడే టంగ్‌స్టన్ నాళంలోనూ ఇదే తీరు. కే-ఆల్ఫా 59.3 అయినా కే ఎలక్ట్రాన్‌ను వెలికి తీయడానికి 69.5 కావాలి. అందుకని 60 కిలోవోల్టులతో చెయ్యి ఎక్స్-రే తీసినప్పుడు కే శిఖరాలు ఉండవు, ఫిల్మును నల్లబరిచేదంతా దాదాపు అవిచ్ఛిన్న వర్ణపటమే (శిఖరాలు లేకుండా ఎడతెగక పరచుకున్న భాగం).

విద్యార్థిని:
ధన్యవాదాలు మాస్టారూ. మా ల్యాబులోని రాగికి లెక్క వేశాను: కే బంధన శక్తి 8.98లో ఎల్‌ది 0.93 తీసేస్తే 8.05, సరిగ్గా కే-ఆల్ఫా. అయితే 9 కిలోవోల్టులు చాలవా?

అధ్యాపకుడు:
శిఖరం పుట్టడానికి చాలు, కానీ కంటికి ఆనదు. ఆ హద్దు దాటాక వోల్టేజీ పెంచేకొద్దీ తీవ్రత వేగంగా పెరుగుతుంది; అందుకే రాగి నాళాన్ని సాధారణంగా 40 కిలోవోల్టుల దగ్గర నడుపుతారు.