వారం వారం తిరిగే కౌంట్‌డౌన్ టైమర్ మెయిల్‌ల ఎట్ల పెట్టాలె?

మగ్గం_వరంగల్:
అందరికీ నమస్తే. మా కొత్తవాడ దరీలు (నేసిన తివాచీలు) ఆన్‌లైన్‌ల అమ్ముతున్నం. శనివారం రాత్రి 9కి ఆర్డర్లు ఆపి, సోమవారం పార్సిళ్లు పంపిస్తం. గురువారం పోయే మెయిల్‌ల టైమర్ పెట్టినం. కొందరికి అంకెలు కదుల్తలేవు. పోయిన వారం మెయిల్ ఇప్పుడు తెరిస్తేనేమో కొత్త వారం లెక్క చూపిస్తుంది, పక్కనే ‘ఇదే ఆఖరు’ అని ఉంటది. 10% తగ్గింపు కూడా ఈ టైమర్‌కే ముడిపెట్టాల్నా?

పిక్సెల్_హన్మకొండ:
వెబ్ పేజీలో అంకెల్ని కదిలించే జావాస్క్రిప్ట్ కోడ్ మెయిల్‌లో నడవదండి. అక్కడ కనిపించేది జిఫ్ బొమ్మ, అంటే ఫ్రేములు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ కదిలే బొమ్మ. మెయిల్ తెరవగానే సర్వర్ మిగిలిన సమయం లెక్కగట్టి, సెకనుకో ఫ్రేమ్ చొప్పున, మామూలుగా 60 ఫ్రేములు చేసి పంపుతుంది. విండోస్‌లో అవుట్‌లుక్ 2007, 2010, 2013 మొదటి ఫ్రేమ్ దగ్గరే ఆగిపోతాయి. అందుకే మొదటి ఫ్రేమ్‌లోనే అంకెలన్నీ పూర్తిగా ఉండాలి.

జీమెయిల్ 2013 డిసెంబర్ నుంచి బొమ్మల్ని తన సర్వర్ల మీదుగా చూపిస్తోంది. మీ సర్వర్ బొమ్మతోపాటు ‘నో-క్యాష్’ హెడర్ (కాపీ దాచుకోవద్దనే సూచన) పంపకపోతే రెండోసారి తెరిచినా పాత అంకెలే రావచ్చు. ఐఫోన్ మెయిల్‌తో చిక్కు ఇంకా ఎక్కువ. 2021లో ఐఓఎస్ 15తో వచ్చిన ప్రైవసీ రక్షణ ఆన్‌లో ఉంటే, మనిషి తెరవకముందే బొమ్మ దిగిపోతుంది, ఆ వేళకున్న లెక్కే మిగులుతుంది. దీన్ని మీ వైపు నుంచి సరిచేయలేరు. టైమర్ కింద ‘శనివారం రాత్రి 9 వరకు’ అని తేదీతో సహా మామూలు అక్షరాల్లో రాయండి, ఆల్ట్ టెక్స్ట్‌లోనూ (బొమ్మ రానప్పుడు దాని చోట కనిపించే మాటలు) అదే పెట్టండి. గురువారం మెయిల్‌కు సెకన్లు అనవసరం. రోజులు, గంటలు, నిమిషాలు చాలు. అప్పుడు ఒక్క ఫ్రేమ్‌తో సరిపోతుంది, బొమ్మ తేలికవుతుంది.

క్రాన్_కాజీపేట:
పాత మెయిల్ మళ్లా లెక్క మొదలుపెట్టుడుకు కారణం, మీరు తిరిగే టైమర్ లింకునే మెయిల్‌ల పెట్టిన్రు. అది సైట్ పేజీకే పనికొస్తది. మెయిల్ పోయేటప్పుడే స్క్రిప్ట్ రాబోయే శనివారం తేదీ తీసి, బొమ్మ లింకుల ముగింపు సమయంగా రాయాలె. గడువు దాటినంక అదే లింకు ‘ఈ వారం ఆర్డర్లు అయిపోయినయ్, తర్వాతి పార్సిల్ వచ్చే సోమవారం’ అనే బొమ్మ ఇయ్యాలె.

సర్వర్ యూటీసీల (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే మన రాత్రి 9 అక్కడ 15:30. చెప్పిన టైముకు సర్వర్‌ల పని నడిపే క్రాన్‌ల 30 15 * * 6 (నిమిషం, గంట, చివర 6 అంటే శనివారం) అని రాయాలె. 0 21 * * 6 అని రాస్తే ఆర్డర్లు ఆదివారం తెల్లారుజామున 2:30కి ఆగుతయ్. పేజీ టైమర్ కూడా ఫోన్ గడియారం చూడొద్దు, సర్వర్ టైమే చూడాలె. 8:58కి మొదలైన యూపీఐ చెల్లింపు 9:02కి పూర్తయితే ఆ ఆర్డర్ తీసుకోవాలె. అందుకే టైమర్ల 9 చూపించి, లోపల 9:15కి ఆపుర్రి, అప్పుడు క్రాన్‌ల 30 బదులు 45 రాయాలె. శనివారం సాయంత్రం కొత్తగా చేరినోళ్లకు గంట గడువున్న మెయిల్ పంపొద్దు. 24 గంటల కంటే తక్కువ మిగిలితే నేరుగ వచ్చే వారం తేదీ ఇయ్యాలె.

అంగడి_జనగామ:
తగ్గింపును ముడిపెట్టకండి. ప్రతివారం తిరిగొచ్చే 10%కు ‘ఆఖరు’ అని రాస్తే అది అబద్ధమే. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను మోసగించే డిజైన్ ఎత్తుగడలు) మార్గదర్శకాల్లో 13 రకాలున్నాయి. లేని తొందర పుట్టించడం వాటిలో ఒకటి. పైగా కొనేవాళ్లు శనివారం దాకా ఆగడం అలవాటు చేసుకుంటారు. మీ దగ్గర వారం వారం నిజంగా మూతపడేది పార్సిల్. ‘ఈ సోమవారం పార్సిల్‌లో రావాలంటే’ అని రాయండి, అది ఎన్నిసార్లు తిరిగినా నిజమే. దసరాకు చేరాల్సిన ఆర్డర్లకు వేరే టైమర్, ఒక్కసారికే. ఈ వారం కొన్నవాళ్లను శనివారం గుర్తుచేసే మెయిల్ జాబితాలోంచి తీసేయండి.

మగ్గం_వరంగల్:
మంచిదన్నా. తగ్గింపు తీసేస్తం. పంపే ముందు ఎట్ల చూసుకోవాలె?

పిక్సెల్_హన్మకొండ:
ముగింపును 10 నిమిషాల తర్వాతకు పెట్టి, మీ సొంత అడ్రసులకే పంపండి. జీమెయిల్ యాప్, ఐఫోన్, అవుట్‌లుక్ మూడింట్లో గడువుకు ముందోసారి, దాటాక ఇంకోసారి తెరవండి. తర్వాత బొమ్మలు ఆపేసి చూడండి. తేదీ అప్పుడూ కనిపిస్తేనే జాబితాకు పంపండి.