కొత్త బేబీ సామాను కెమికల్ వాసన: సాంబ్రాణి, వంట సోడా, ఎండ... వీటితో నిజంగా పోతుందా?

మియాపూర్ నాన్న
మా ఆవిడ, పాప వరంగల్‌లో పుట్టింట్లో ఉన్నారు. వచ్చే నెల తీసుకొస్తున్నాం. పుట్టకముందు సామాను కొనకూడదని ఇంట్లో పట్టుబట్టారు కాబట్టి అన్నీ ఇప్పుడు ఒక్కసారే దిగాయి: ఫోమ్ పరుపుతో చెక్క మంచం, కార్ సీటు, ముక్కలు ముక్కలుగా అమర్చే ప్లే మ్యాటు. పెట్టెలు విప్పిన గది తలుపు తీస్తే కళ్లు మండుతున్నాయి. అమ్మ సాంబ్రాణి వేసి వేపాకు కట్టమంటోంది. ఆఫీసులో ఒకాయన వంట సోడా, వెనిగర్ అన్నాడు. మా ఆవిడ ఫోన్లో ఒకటే మాట, "అన్నీ వెనక్కి ఇచ్చెయ్". బయట చూస్తే వానలు, ఎండ లేదు. ఈ సహజ పద్ధతులతో వాసన నిజంగా పోతుందా, లేక పైపైన కప్పేయడమేనా?

దిల్‌సుఖ్‌నగర్ అమ్మమ్మ
నాయనా, మా పిల్లలకీ మనవలకీ తలంటు పోశాక సాంబ్రాణి పొగ పట్టకుండా పడుకోబెట్టింది లేదు. ఎవరికీ ఏమీ కాలేదు. రోజూ సాయంత్రం గది నిండా పొగ వేసి తలుపు మూసెయ్. వారానికి ఏ వాసనా ఉండదు.

ఉప్పల్ సిస్టర్
పెద్దమ్మ గారూ, కోపం తెచ్చుకోకండి. నేను పిల్లల వార్డులో నర్సుని. పొగ ఏదైనా పొగే. సాంబ్రాణి కాలినా సన్నటి నుసి, ఇంకా కొన్ని వాయువులు వస్తాయి. నెలల పిల్లల ఊపిరితిత్తులు వాటిని తట్టుకోలేవు. పైగా తలుపు మూసి వేయమంటున్నారు! అప్పుడు ఫోమ్ నుంచి వచ్చేది ఎక్కడికీ పోదు, దాని మీద ఇది కూడా చేరుతుంది. కర్పూరం, యూకలిప్టస్ నూనె లాంటివి కూడా పాప గదిలో వద్దు. ఘాటు వాసన ఇంకో ఘాటు వాసనను తీసేయదు, మన ముక్కుకు అందకుండా చేస్తుంది అంతే.

నల్లకుంట వదిన
సాంబ్రాణి సంగతి నాకు తెలియదు గానీ వంట సోడా మాత్రం పనిచేస్తుంది, నేనే సాక్షి. మా బాబు పరుపు మీద చల్లి, మర్నాడు దులిపి, అలా కొన్నాళ్లు చేశాం. వాసన పోయింది. ఇంట్లో ఉండేదే, రూపాయి ఖర్చు లేదు.

బాలానగర్ కార్పెంటర్
వదిన గారూ, ఆ కొన్నాళ్లూ కిటికీలు మూసే ఉంచారా? తెరిచే ఉంటారు. పరుపుకు గాలి తగిలింది, పేరు సోడాకు వచ్చింది.

నేను మాడ్యులర్ కిచెన్లు, మంచాల పని చేస్తాను. రోజంతా ఈ వాసనల్లోనే ఉంటాను కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా. సోడా ఆమ్లాల మీద పనిచేస్తుంది. పాలు కక్కి పులిసిన వాసనకు అది మంచి మందు. ఎండిన ఉచ్చలో వచ్చే అమ్మోనియా వాసనకు నీళ్లు కలిపిన వెనిగర్ సరిపోతుంది. కొత్త ఫోమ్‌లో వచ్చేది ఈ రెండూ కాదు. తయారీలో వాడిన అమైన్‌లు అనే రసాయనాలు, ఇంకా రకరకాల ఆవిరయ్యే పదార్థాలు లోపలి పొరల నుంచి మెల్లగా బయటికి వస్తుంటాయి. పైన చల్లిన పొడి లోపలికి ఎలా వెళ్తుంది? ఆ పొడి సరిగ్గా దులపకపోతే పిల్ల ముక్కులోకి వెళ్తుంది, అది ఇంకో గొడవ.

మంచి మాట ఏంటంటే ఫోమ్ వాసన చాలావరకు మొదటి రోజుల్లోనే పోతుంది. దానికి కావలసింది గాలి. వేడి ఉంటే ఇంకా తొందరగా వెళ్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన హైదరాబాద్ టెర్రస్ మీద నీళ్ల ట్యాంకు నీడలో పెడితే చాలు, ఏ సోడా అక్కర్లేదు. ఇప్పుడు వానలు కాబట్టి పరుపు కవరు విప్పి ఉతికేయండి. ఫోమ్‌ను నిలువుగా నిలబెట్టి రెండు వైపులా గాలి తగిలేలా ఫ్యాన్ వేయండి, కిటికీ తెరవండి. ఫోమ్‌ను మాత్రం తడపొద్దు. ఈ చల్లదనంలో లోపల ఆరక బూజు పడితే కెమికల్ వాసనే నయమనిపిస్తుంది. ఇంట్లో చోటు లేదని సెల్లార్‌లో కూడా పెట్టకండి, అక్కడ గాలి ఆడదు, బండ్ల పొగ మొత్తం ఫోమ్ పీల్చుకుంటుంది. బాల్కనీలో పెడితే పావురాల వల ఉండాలి, లేకపోతే మీకు కడగడానికి కొత్త పని.

ఇక కళ్లు మండుతున్నాయన్నారు చూడండి, నా అనుమానం ఫోమ్ మీద కాదు, మంచం మీద. 'చెక్క' అని అమ్మేది చాలాసార్లు ఎండీఎఫ్ పలక. కట్టె పీచును యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో అదిమి చేస్తారు. ఆ జిగురులోని ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు నెలల తరబడి వస్తూనే ఉంటుంది. వేడికీ, గాలిలో తేమకీ ఇంకా ఎక్కువ వస్తుంది. వానాకాలంలో కొత్త అల్మరా తీస్తే కళ్లు చురచురలాడేది అందుకే.

తార్నాక బయాలజీ
ఆ ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి గ్రూపులో పెట్టింది. వాసన పీల్చుకుంటాయని బొగ్గు సంచులు కొందామనుకునేవాళ్లకు ఒక మాట. పొయ్యి బొగ్గు వేరు, యాక్టివేటెడ్ చార్‌కోల్ వేరు. రెండోది చాలా ఆవిర్లను పట్టుకుంటుంది గానీ ఫార్మాల్డిహైడ్ దగ్గర మామూలు రకం అంతగా పనిచేయదు. మనీప్లాంటు పెడితే గాలి శుభ్రమవుతుందనేది 1989 నాసా పరీక్ష నుంచి పుట్టిన ప్రచారం. ఆ పరీక్ష మూసిన చిన్న పెట్టెల్లో చేశారు. మన గదిలో ఒక కిటికీ చేసే పని చేయాలంటే అడవినే తెచ్చి పెట్టాలి.

అత్తాపూర్ అక్క
మ్యాటు సంగతి ఎవరూ ఎత్తలేదు. అలాంటి ఫోమ్ పజిల్ మ్యాట్లను ఫార్మమైడ్ అనే రసాయనం కారణంగా 2010 చివర్లో బెల్జియం అమ్మకాల నుంచి తప్పించింది. మన దగ్గర 2021 జనవరి 1 నుంచి ఆట వస్తువులకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఆట వస్తువుగా అమ్మిన మ్యాటు మీద ఆ గుర్తు లేకపోతే గాలికి ఆరబెట్టడం దేనికి, తిరిగి ఇచ్చేయండి. 'నాన్ టాక్సిక్' అన్న స్టిక్కర్ ప్రచారమే, గుర్తు కాదు. పాప బోర్లా పడి నోరు పెట్టేది దాని మీదే.

దిల్‌సుఖ్‌నగర్ అమ్మమ్మ
అన్నీ వెనక్కి ఇచ్చేస్తే పిల్లని ఎక్కడ పడుకోబెడతారు తల్లీ? మా కాలంలో కొత్త బట్ట అసలు తొడిగేవాళ్లమే కాదు. పాత నూలు చీర ఉయ్యాల, పాత బట్టలు. వాసన ఊసే లేదు.

ఉప్పల్ సిస్టర్
ఇందులో మాత్రం నేను మీ పక్షమే అమ్మా. కొత్త బట్టల మీద ముడత పడకుండా వేసే పూతలో కూడా ఫార్మాల్డిహైడ్ ఉండొచ్చు, ఉతకగా ఉతకగా తగ్గుతుంది. పుట్టిన పిల్లకు పాత బట్ట వేయడం మంచి అలవాటు. కానీ బీరువాలో కలరా ఉండల మధ్య దాచినవి నేరుగా తొడగొద్దు. ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ వల్ల, జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లల్లో ఎర్ర రక్తకణాలు విరిగిపోయి కామెర్లు ముదురుతాయి. ఎండలో బాగా ఆరేసి, ఉతికి, వాసన పూర్తిగా పోయాకే వాడండి. ఎండ నిజంగా పనిచేసే చోటు ఇదే.

తార్నాక బయాలజీ
పాత సామానంతా మంచిదనుకోవద్దు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎమ్ (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదనే నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగు వేసిన తాతల నాటి ఉయ్యాలలో సీసం ఉండొచ్చు. దానికి వాసనే ఉండదు. పిల్లలు పళ్లతో గీకుతారు. ముక్కును నమ్ముకుంటే ఇక్కడ మోసపోతాం.

మియాపూర్ నాన్న
మ్యాటు మీద ఏ గుర్తూ లేదు, రిటర్న్ పెట్టాను. కార్ సీటు మాన్యువల్‌లో బెల్టులకు తేలికపాటి సబ్బు నీళ్లు తప్ప ఏదీ వాడొద్దని ఉంది, కాబట్టి వెనిగర్ ఆలోచన మానేశాను. కవరు ఉతికి, సీటు హాల్లో ఫ్యాన్ కింద పెట్టాను. మంచం పలక తిరగేసి చూశాను. పైన తెల్లటి లామినేట్, కింద ఏమీ లేదు, స్క్రూ రంధ్రాల్లో గోధుమ రంగు పొట్టు రాలుతోంది. ముక్కు దగ్గర పెడితే అదే మంట. కార్పెంటర్ అన్నా, దీనికి దారి ఉందా?

బాలానగర్ కార్పెంటర్
అనుకున్నదే తమ్ముడూ. పొట్టు కనిపించే అంచులు, రంధ్రాలు, కింది వైపు మొత్తం నీళ్లతో కలిపే సీలర్, అంటే పొట్టును మూసేసే పూత, రెండు కోట్లు వేస్తే తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. ఆ కోటు ఆరడానికీ టైమ్ పడుతుంది, పాప వచ్చేలోపు ఆరాలి. నన్నడిగితే రిటర్న్ గడువు ఉండగానే ఇచ్చేసి, రంగు వేయని టేకు మంచమో ఇనప ఉయ్యాలో చూడండి. బూరుగు దూది పరుపు కుట్టిస్తే గట్టిగా కుట్టమనండి, మెత్తటి పరుపులో పిల్ల ముఖం కూరుకుపోతుంది. మంచం ఉంచుకోవాలనే ఉంటే సీలర్ ఆరాక ఒక రాత్రి గది మూసిపెట్టండి. పొద్దున కాసేపు బయట తిరిగొచ్చి తలుపు తీయండి. కళ్లు మళ్లీ మండితే ఇంక ఆలోచించకండి, డబ్బులు అడగండి.