టాక్సీ ఇన్నోవాకి బైపాస్ ఆయిల్ ఫిల్టర్: కట్టించాలా, వద్దా?

మియాపూర్ ట్రావెల్స్:
నాకు మూడు పాత ఇన్నోవాలున్నాయి, 2.5 డీజిల్. ఎయిర్‌పోర్టు ట్రిప్పులు, వారానికోసారి విజయవాడ. 10,000 కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్పిస్తా. మార్చిన వారానికే ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తే కాటుకలా ఉంటోంది. ముందు ఒక బండికి బైపాస్ ఫిల్టర్, అంటే కొంచెం ఆయిల్‌ని పక్కకి తీసి సన్నగా వడకట్టే రెండో ఫిల్టర్, కట్టిద్దామనుకుంటున్నా. ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగించే స్విచ్ దగ్గర టీ (మూడు దారుల జాయింటు) వేసి, హోస్‌తో బయట పెట్టిన ఫిల్టర్‌కి, అక్కణ్ణుంచి ఆయిల్ పోసే మూతలోంచి తిరిగి చాంబర్‌లోకి. బండితో వచ్చే ఫిల్టర్‌లోంచి సన్న ముక్కలు చాలావరకు జారిపోతాయి. ఇది 2, 3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) వాటినీ పడుతుంది. పంపు తోసే ఆయిల్లో పదో వంతు లోపే దీంట్లోకి వెళ్తుంది కాబట్టి ఇంజన్‌కి లోటుండదు. దీంతో ఆయిల్‌ని 30,000 దాకా నడపొచ్చని నా ఆలోచన. కట్టించినవాళ్ళుంటే చెప్పండి.

ఉప్పల్ డ్రైవర్:
వద్దు సార్. నేను నడిపిన బండికి ఉండె.

ఆటోనగర్ షెడ్డు:
అన్నా, డీజిల్ బండిలో ఆయిల్ నల్లబడటం రోగం కాదు. మసి గడ్డకట్టకుండా విడివిడిగా పట్టుకోవడానికే ఆయిల్లో మందులు కలుపుతారు. ఒక్కో మసి రేణువు మైక్రాన్‌లో చిన్న వంతు. మీ ఫిల్టర్‌కి చిక్కేది చాలావరకు గడ్డకట్టిన మసే. డీజిల్ మండితే పుట్టే యాసిడ్‌ని చంపే క్షారం కూడా ఆయిల్లోనే ఉంటుంది, అది రోజురోజుకీ తరిగిపోతుంది. ఏ ఫిల్టరూ దాన్ని తిరిగి పొయ్యదు. ఇంజెక్టర్ కారి డీజిల్ కలిస్తే దాన్నీ తియ్యదు. ఫిల్టర్ పెట్టుకోండి, కాదనను. 30,000 మాత్రం ఒప్పుకోను.

మియాపూర్ ట్రావెల్స్:
1988లో జనరల్ మోటార్స్ ఇంజనీర్ల పేపర్ ఒకటుంది. 40 మైక్రాన్ల ఫిల్టర్‌తో పోలిస్తే 30 మైక్రాన్లదానితో ఇంజన్ అరుగుదల సగం తగ్గింది, 15 మైక్రాన్లదానితో 70 శాతం తగ్గింది. సన్న ఫిల్టర్ పనికిరాదని ఎలా అంటారు?

ఆటోనగర్ షెడ్డు:
పనికిరాదని నేనెక్కడన్నా? ఆ పరీక్షలో ఆయిల్లోకి కావాలని దుమ్ము వేసి చూశారు. తేలింది అరుగుదల సంగతి. ఆయిల్ ఎన్నాళ్ళు మన్నుతుందో దాంట్లో తేలలేదు. మీరు చూపించే లెక్క ఒకటి, అడిగే ప్రశ్న ఇంకొకటి.

లారీ ఓనర్, కొత్తూరు:
పెద్ద ఇంజన్లకి గిర్రున తిరిగే సెంట్రిఫ్యూజ్ ఫిల్టర్ కంపెనీవాళ్ళే పెడతారు కదా. అదీ బైపాసే.

బాలానగర్ లేత్:
ముందు టీ సంగతి తేల్చండి. ఇన్నోవా స్విచ్ మర ఎనిమిదో వంతు అంగుళం బీఎస్‌పీటీ, అంటే బ్రిటిష్ పైపు మర, అంగుళానికి 28 చుట్లు. అడక్కుండా కొంటే ఎన్‌పీటీ, అంటే అమెరికన్ మర నిపుల్ అంటగడతారు, దానికి 27. రెండు చుట్లు బిగుస్తుంది, తర్వాత కారుతుంది. బరువైన టీని నేరుగా బ్లాకుకి వేలాడదీస్తే వణుకుకి మెడ విరుగుతుంది. అక్కడ చిన్న అడాప్టర్ పెట్టి, హోస్‌తో టీని పక్కకి తెచ్చి చాసిస్‌కి బిగించాలి.
అసలైంది రంధ్రం. ఆయిల్‌ని సన్నగా వదిలే 1.5 మిల్లీమీటర్ల రంధ్రం చాలా కిట్లలో ఫిల్టర్ దగ్గరుంటుంది. హోస్ దానికి ముందు పగిలితే పంపు తోసేదంతా రోడ్డు మీదే, 7 లీటర్లు పోవడానికి నిమిషం పట్టదు. అదే రంధ్రం ఇంజన్ దగ్గరుంటే నిమిషానికి రెండు మూడు లీటర్లకి మించి పోదు. పక్కకి తీసి ఆపుకునే టైం ఉంటుంది. మీదెక్కడుంది?

మియాపూర్ ట్రావెల్స్:
కిట్ ఇంకా కొనలేదు. ఆటోనగర్ అన్నకి మాత్రం ఒక మాట. 30,000 ఎందుకంటున్నానో చెప్తా. రెండేళ్ళ కింద ఒక షెడ్డులో ఆయిల్, ఫిల్టర్ మార్చామని బిల్లిచ్చారు. ఫిల్టర్ మీద నేను పెట్టిన మార్కర్ గీత అలాగే ఉంది. ఎన్నిసార్లు తక్కువ షెడ్డు మెట్లెక్కితే నాకంత లాభం. మనుషుల కంటే ఫిల్టర్‌నే నమ్ముతా.

ఆటోనగర్ షెడ్డు:
అదీ సంగతి. ఎవడో చేసిన దానికి మమ్మల్నందర్నీ కలిపేశారు. 22 ఏళ్ళుగా పాత ఫిల్టర్ కోసి, మడతలు విప్పి కస్టమర్ చేతిలో పెడుతున్నా, మెరిసే రజను ఉందో లేదో చూసుకోమని. ఇంతసేపూ మీకు కావాల్సింది శుభ్రమైన ఆయిల్ అనుకున్నా. మీకు కావాల్సింది మెకానిక్ మొహం చూడకుండా ఉండటం!

మియాపూర్ ట్రావెల్స్:
డబ్బు నాది, బండి నాది, నిర్ణయం నాది. ఇంజన్ పోతే నష్టపోయేదీ నేనే.

ఉప్పల్ డ్రైవర్:
ఎవరు సార్ నష్టపోయేది? ఇందాక చెప్పలే, ఇప్పుడు చెప్తున్న. 2019ల మా ఓనర్ గిట్లనే ఫిల్టర్ కట్టించిండు. హోస్ బ్యాటరీ క్లాంపుకి రాసుకుంటుండె. రెండుసార్లు చెప్పిన, వచ్చే సర్వీసుకి చూద్దామన్నడు. నార్కట్‌పల్లి దాటినంక చీకట్ల నలుగురు ప్యాసింజర్లతోని పోతుంటే ఆయిల్ లైటు వెలిగింది. ఎడమకి తీసేలోపే ఇంజన్ పట్టేసింది. ఆ లైటు ప్రెషర్ పూర్తిగా పడినంకనే వెలుగుతది, ముందుగాల చెప్పదు. ఓనర్ ఒకటే మాట, లైటు చూడలేదా అని. నెలకి 5,000 చొప్పున 8 నెలలు జీతంల కోసిండు. మా పాపకి ఆ ఏడాది స్కూలు మార్పించిన. మీరు మైక్రాన్లు లెక్కపెట్టుకుంటున్నరు. ఆ హోస్ పక్కన కూసునేది మేము.

బాలానగర్ లేత్:
తమ్ముడూ, ఆ కిట్‌లో రంధ్రం ఫిల్టర్ వైపే ఉండుంటుంది.

ఉప్పల్ డ్రైవర్:
రంధ్రం ఎటున్నా జీతం నాదే కోసేది అన్నా.

మియాపూర్ ట్రావెల్స్:
తమ్ముడూ, చదివాక చాలాసేపు ఏం రాయాలో తెలీలేదు. నేను ఎవరి జీతమూ కొయ్యలేదు, కొయ్యను. కట్టిస్తే రంధ్రం ఇంజన్ వైపే పెట్టిస్తా, ప్రెషర్ సగానికి పడగానే మోగే బజర్ కూడా వేయిస్తా. 30,000 సంగతి ఆటోనగర్ అన్నతో తర్వాత మాట్లాడతా. 10,000 దగ్గర ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపి, అరిగిన ఇనుము, మిగిలిన క్షారం, కలిసిన డీజిల్ ఎంతో చూశాకే ముందుకెళ్తా.

ఆటోనగర్ షెడ్డు:
శాంపిల్ ఇంజన్ వేడి మీదున్నప్పుడే తియ్యండి. చల్లారితే బరువైనదంతా అడుక్కి చేరుతుంది.

ఉప్పల్ డ్రైవర్:
ఇంజన్ పోయినా జీతం కొయ్యనని మీ ముగ్గురు డ్రైవర్లకి కాగితం మీద రాసిస్తరా సార్? ఈ ఫిల్టర్ సంగతి అసలు వాళ్ళకి చెప్పిన్రా?

మియాపూర్ ట్రావెల్స్:
రాసిస్తా. ఇంకా చెప్పలేదు.