ఐస్ హాకీ పిచ్చి ఏ ఊళ్లో ఎక్కువ? అమెరికాలో ఉన్నవాళ్లు చెప్పండి

ఆఫీసులో లంచ్ టైంలో రోజూ ఇదే గొడవ. నేనుండేది డెట్రాయిట్ దగ్గర. ఇక్కడ ప్లేఆఫ్స్ వస్తే ఐస్ మీదికి ఆక్టోపస్ విసురుతారు, 1952 నుంచీ ఉన్న అలవాటు. అప్పట్లో స్టాన్లీ కప్ (ఇక్కడి ఐస్ హాకీ లీగ్ ట్రోఫీ) రావాలంటే ప్లేఆఫ్స్‌లో ఎనిమిది మ్యాచ్‌లు నెగ్గాలి, అందుకని ఎనిమిది కాళ్లు! చచ్చిన ఆక్టోపస్‌ని చొక్కాలో దాచుకుని వెళ్లేవాళ్లని మించిన పిచ్చోళ్లు ఉంటారా అని నా వాదన.

పక్క సీటాయనది బఫెలో. "మా సేబర్స్ జట్టు 1970లో మొదలైంది, ఒక్క కప్పూ కొట్టలేదు. అయినా మేం వదల్లేదు, అదీ అభిమానమంటే" అంటాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. మిన్నెసోటా వాళ్లయితే 1వ నంబర్ జెర్సీనే ఫ్యాన్స్‌కి అంకితం ఇచ్చేశారు.

బోస్టన్, ఫిలడెల్ఫియా సంగతి టీవీలో చూడటమే. అక్కడ మ్యాచ్‌కి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? జట్టు వరసగా ఓడుతున్నప్పుడు కూడా సీట్లు నిండుతాయా? శుక్రవారంలోగా చెప్పండి, బిర్యానీ పందెం ఉంది.