వరదలో పాడైన ప్రభువు బల్ల స్థానంలో కొత్త శిల్పం పెట్టవచ్చా? యుద్ధంలో దెబ్బతిన్న చర్చిలు ఏమి చేశాయి?

ప్రశ్న (సింగ్‌నగర్ సభ్యుడు, విజయవాడ)

అందరికీ వందనాలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా చర్చిలోకి వచ్చిన నీరు రోజుల తరబడి తీయలేదు. మా నాన్నగారి తరం వారు టేకుతో చేయించిన ప్రభువు బల్ల (ప్రభు భోజనపు రొట్టె, పాత్ర పెట్టే బల్ల), దాని వెనుక ఉన్న చెక్కడపు పలకలు ఉబ్బి, కీళ్లు విడిపోయి, ఇక బాగుచేయడానికి వీలులేదని వడ్రంగులు తేల్చిచెప్పారు. గోడల పని పూర్తయింది కాబట్టి ఇప్పుడు బల్ల విషయం తేలాలి. పాతదానిని అచ్చుగుద్దినట్టు మళ్లీ చేయించాలని సంఘ పెద్దలు అంటున్నారు. నీటికి లొంగని రాతితో, ఈ కాలపు శిల్పి చేత, ఈ కాలపు రూపంలో చేయించాలని యువకులు పట్టుబడుతున్నారు. ముందుకు వచ్చిన శిల్పి పల్నాడులోని దుర్గిలో రాతి పని నేర్చినవారు, క్రైస్తవులు కారు. "ప్రభువు బల్లను అన్యుడి చేత చెక్కిస్తారా?" అని ఒక పెద్దాయన నిండు సమావేశంలో అడిగితే ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము. రెండో ప్రపంచ యుద్ధంలో కూలిన చర్చిలలో ఆధునిక శిల్పాలు పెట్టారని విన్నాను. అక్కడ ఈ చిక్కులను ఎలా తీర్చుకున్నారో తెలిసినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు 1 (విశ్రాంత ఆర్కిటెక్టు, బ్రాడీపేట, గుంటూరు)

మీ పెద్దాయన ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అదే ప్రశ్న ఇంగ్లండులోని కవెంట్రీలోనూ వచ్చింది. 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ బాంబులకు అక్కడి కథెడ్రల్ (బిషప్పు ఉండే ప్రధాన చర్చి) కాలిపోయింది. ఆ శిథిలాలను అలాగే ఉంచి, పక్కనే కొత్త కట్టడం లేపిన ఆర్కిటెక్టు బేసిల్ స్పెన్స్, సాతానును జయించిన మిఖాయేలు దూత కంచు విగ్రహాన్ని బయటి గోడకు అమర్చాలని, దాన్ని శిల్పి జేకబ్ ఎప్‌స్టీన్ చేత చేయించాలని ప్రతిపాదించాడు. ఆయన యూదుడు కదా అని కమిటీలో ఒకరు అభ్యంతరం చెబితే, యేసుక్రీస్తు కూడా యూదుడే కదా అని స్పెన్స్ బదులిచ్చాడని చెప్పుకుంటారు. 1959లో కన్నుమూసిన ఎప్‌స్టీన్ ఆ విగ్రహం గోడకెక్కడం చూడలేదు. నేడు ఆ కథెడ్రల్ పేరు వినగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది అదే.

ఇక పాతదా కొత్తదా అన్న తగవుకు జర్మనీలో డ్రెస్డెన్‌లోని ఫ్రావెన్‌కిర్షె అనే చర్చి చూడదగినది. 1945 ఫిబ్రవరి బాంబుదాడి మంటలకు అది కుప్పకూలి, దాదాపు యాభై ఏళ్లు రాళ్లగుట్టగా పడి ఉంది. 1994లో మొదలైన పునర్నిర్మాణం 2005లో ముగిసింది. పై చర్చిలోని బలిపీఠాన్ని (మనం ప్రభువు బల్ల అనేదాన్ని) గుట్టలో దొరికిన ముక్కలను ఏరి, అతికి, దెబ్బలు కనిపించేలాగే నిలబెట్టారు. నేలమాళిగలోని కింది చర్చిలో మాత్రం, 1996లోనే ఆరాధనలు మొదలైన చోట, ముంబయిలో పుట్టిన శిల్పి అనీష్ కపూర్ నల్ల సున్నపురాతితో మలచిన బలిపీఠం పెట్టారు. దానిపై బొమ్మలూ లతలూ లేవు. పాత ముక్కలు చేతికి దొరికిన చోట వాటిని కలిపారు, దొరకని చోట దొరికినట్టు నటించలేదు. మీ టేకు పలకల్లో ఒక్కటైనా మిగిలి ఉంటే పారేయకండి.

మిగిలిన పలకలతో ఏమి చేయవచ్చో బ్రిటన్‌లో కార్డిఫ్ నగరంలోని లాండాఫ్ కథెడ్రల్ చూపిస్తుంది. 1941 జనవరి 2న పారాషూట్ మైను (పారాషూట్‌తో జారవిడిచే బాంబు) పడి పైకప్పు ఎగిరిపోయిన ఆ కథెడ్రల్‌ను ఆర్కిటెక్టు జార్జ్ పేస్ బాగుచేశాడు. లోపలి పొడవును విడదీయాలి, కానీ పడమటి ద్వారం నుంచి చూపు ఆగకూడదు. అందుకు కాంక్రీటుతో ఎత్తయిన కమాను వేసి, దానిమీద ఆర్గన్ వాద్యపు గొట్టాలున్న స్తంభాన్ని నిలిపి, పడమటి ముఖాన ఎప్‌స్టీన్ చేసిన అల్యూమినియం క్రీస్తును అమర్చాడు. ఆ స్తంభం చుట్టూ పాత గాయకుల ఆసనాల నుంచి మిగిలిన చిన్న ప్రతిమలు 64 ఉన్నాయి. కాంక్రీటు కమాను గుడికి నప్పలేదని ఈనాటికీ అనేవారున్నారు. నాకు మాత్రం ఆ క్రీస్తు కంటే ఆ 64 ప్రతిమలకు దొరికిన చోటే ఎక్కువ నచ్చుతుంది.

జవాబు 2 (సంఘ పెద్ద, విజయవాడ)

ఆర్కిటెక్టు గారు చెప్పినవి విలువైన సంగతులే. అయినా గోడకు విగ్రహం పెట్టడం వేరు, బల్లను మార్చడం వేరు. లండన్‌లో సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రుక్ అనే చర్చి ఉంది. పాతకాలపు ఆర్కిటెక్టు క్రిస్టఫర్ రెన్ కట్టిన దాని గుమ్మటం 1941లో బాంబు వల్ల దెబ్బతింది. ఆ తరువాత చాలా ఏళ్లకు శిల్పి హెన్రీ మూర్ చేత ట్రావర్టీన్ అనే సున్నపురాతితో గుండ్రని బలిపీఠం చేయించి, గుమ్మటం కింద నడుమ పెట్టాలని చూస్తే, అసలు అది బల్ల అవుతుందా కాదా అన్న వాదన చర్చి కోర్టుకు ఎక్కింది. ఇంగ్లండు సంఘ నియమాలలో ఉన్న మాట బల్లే. కింది కోర్టు కాదన్నది. 1987లో పై కోర్టు అవునన్నది. అప్పటికి మూర్ మరణించి ఏడాది కూడా కాలేదు. అది గెలిచిన తీర్పు కాబట్టి యువకులు సంతోషిస్తారు. నాకు కనబడేది మాత్రం మరొకటి: రాయి ముందు తయారై, అది బల్లేనా అన్న ప్రశ్న తరువాత వచ్చింది. పాస్టరు గారు రొట్టె, పాత్ర ఎక్కడ పెడతారు, ఎటు తిరిగి నిలబడతారు, మోకరించేవారికి చోటెంత అన్నవి ముందు తేలితే, చెక్కేది ఎవరన్నది అంత పెద్ద ప్రశ్న కాదు. ఎప్‌స్టీన్ సంగతి విన్నాక ఆ విషయంలో నా పట్టు కొంత సడలింది.

జవాబు 3 (శిల్పకళా ఉపాధ్యాయుడు, గుంటూరు)

ఒక తేడాను అందరూ వదిలేస్తున్నారు. బాంబు వేసిన చెయ్యి ఒకటి ఉంటుంది. అందుకే కవెంట్రీ వారు కాలిన దూలాలతో శిలువ కట్టి, వెనుక గోడపై తండ్రీ క్షమించుము అని చెక్కించుకున్నారు. బెర్లిన్‌లో 1943లో విరిగిన కైజర్ విల్‌హెల్మ్ చర్చి గోపురాన్ని కూల్చివేయాలని ఆర్కిటెక్టు ఎగోన్ ఐర్‌మన్ మొదట ప్రతిపాదిస్తే, నగరవాసులు ఒప్పుకోలేదు. చివరకు ఆ మొండి గోపురం పక్కనే 1961లో నీలి గాజు గోడల కొత్త చర్చి వెలిసింది. అందులో శిల్పి కార్ల్ హెమెటర్ చేసిన 4.6 మీటర్ల లోహపు క్రీస్తు, చేతులు చాచి, గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. గాయాన్ని దాచకపోవడం వారికి ఒక ఒప్పుకోలు. బుడమేరు మీద ఎవరికి క్షమాపణ చెప్పించగలం? మీ శిల్పంలో గాయం నటించనక్కరలేదు. నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో గోడమీద సన్నని గీత చెక్కిస్తే చాలు.

మరొక మాట, పూర్తిగా లెక్కల మాట. రెండు మీటర్ల వ్యాసం, ఒక మీటరు ఎత్తు ఉన్న నిండు గ్రానైటు బల్ల ఎనిమిది టన్నులు దాటుతుంది. వరదనీరు నానబెట్టిన నేల ఆ బరువును మోయగలదో లేదో తవ్వి చూడకుండా రాయి కొనవద్దు. లోపల డొల్లగా ఉంచి పలకలు పేర్చే పద్ధతి కూడా ఉంది. దుర్గి రాయి మెత్తన, సన్నని పనికి అనువు. చేతులు ఆనించే పైభాగానికి మాత్రం గట్టి రాయి వాడమనండి.

తిరుగు జవాబు (సింగ్‌నగర్ సభ్యుడు)

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ఈ జవాబులను సమావేశంలో చదివి వినిపించాను. ఎప్‌స్టీన్ సంగతి విని ఆ పెద్దాయన నవ్వి, అయితే ఆ శిల్పిని ఒకసారి ఆరాధనకు రమ్మనండి, బల్ల దగ్గర ఏమి జరుగుతుందో చూసి చెక్కుతాడు అన్నారు. ముందుగా ప్లైవుడ్‌తో అదే కొలతల బల్ల చేయించి రెండు ఆదివారాలు వాడి చూస్తాము. టేకు పలకలు మూడు, ద్రాక్షతీగ చెక్కినవి, పనికొచ్చేలా ఉన్నాయి. వాటిని వెనుక గోడకు బిగించడమా, రాతిలో పొదగడమా అన్నది ఇంకా తేలలేదు. నేల తవ్వే మేస్త్రీ గురువారం వస్తానన్నాడు.