మఠంలో నాలుగో రోజుకే టెన్షన్. నాకు దేవుడి పిలుపు లేనట్టేనా?

నా వయసు 26. గుంటూరు బ్రాడీపేటలో అకౌంట్స్ పని. ఫిబ్రవరి 11న గుణదల కొండ మీద కూర్చున్నప్పుడు మఠజీవితం మీది కోరిక గట్టిపడింది. ఒక బెనెడిక్టన్ మఠంలో (సెయింట్ బెనెడిక్ట్ నియమావళి పాటించే కాథలిక్ మఠం) పది రోజులుండి వచ్చాను. నాలుగో రోజుకే ఆ నిశ్శబ్దం భరించలేకపోయాను. నాన్న లేరు, అమ్మకు నేనొక్కడినే.

జవాబు:
తమ్ముడూ, నేను తొమ్మిదేళ్లుగా బెనెడిక్టన్ సిస్టర్‌ని, మాది పటమట. నాకూ మొదట్లో అంతే. బెజవాడ రోడ్ల హారన్ల మధ్య పెరిగినదాన్ని, రాత్రి ప్రార్థన తర్వాత మాటల్లేకపోతే ఏడుపొచ్చేది. గంట మోగగానే సగం తరిగిన కూర వదిలి ప్రార్థనకు వెళ్లడం ఇంకా కష్టం. అలవాటు కావడానికి ఏడాది పట్టింది.

కొత్తవాళ్లను తేలిగ్గా చేర్చుకోవద్దని బెనెడిక్ట్ నియమావళి 58వ అధ్యాయమే చెబుతుంది. నొవిషియేట్‌లో, అంటే కొత్తవాళ్ల శిక్షణ కాలంలో, ఆ నియమావళిని మూడుసార్లు చదివి వినిపించాలి: 2 నెలలకు, మరో 6 నెలలకు, మరో 4 నెలలకు. అన్నిసార్లూ వెళ్లిపోయే స్వేచ్ఛ ఉంటుంది. ఆ తర్వాత చేసే వ్రత ప్రమాణంలో ఆ ఒక్క సమూహంలోనే స్థిరంగా ఉంటానంటాం. అందుకే ప్రార్థన ఒక్కటే చూడకు, అక్కడివాళ్లతో కలిసి అంట్లు తోమి చూడు.

మరో జవాబు:
బాబూ, మా అబ్బాయీ మఠానికి వెళ్లాడు. ఉత్తరం రాసిపెట్టి వెళ్లాడు, అదే బాధ. అమ్మ ఎదురుగా కూర్చుని చెప్పు. ఆమె ఖర్చులకు దారి చూపాకే కదులు.

అడిగినవారు:
ఆదివారం పూజ అయ్యాక అమ్మతో మాట్లాడతాను. సిస్టర్, ఈసారి నెల రోజులుండి వస్తాను.