ఏపీఐ డేటాకి నెలకు 500: బ్రోకర్ అడగడం న్యాయమేనా?

కొర్లగుంట_క్యాండిల్

షేర్ మార్కెట్‌లో ఆర్డర్‌కి 20 రూపాయల బ్రోకరేజీ కడతా ఉన్నాం. దానిమీద 18 శాతం జీఎస్టీ, ఎక్స్చేంజ్ చార్జీ, ఎస్‌టీటీ (లావాదేవీ పన్ను), స్టాంపు డ్యూటీ. ఇవన్నీ పోయినాక, ఏపీఐ ద్వారా, అంటే బ్రోకర్ సర్వర్‌తో మన ప్రోగ్రాం నేరుగా మాట్లాడే దారిలో, లైవ్ ధరలు రావాలంటే నెలకు 500 అదనమంట. జీఎస్టీతో 590, ఏడాదికి 7,080. అదే ధర యాప్‌లో ఊరికే చూపిస్తారు. పోనీ కడితే 9:15కి మార్కెట్ తెరిచినప్పుడు స్క్రీన్ బిగుసుకుపోకుండా ఉంటాదా? మంగళవారం నిఫ్టీ ఎక్స్‌పైరీ (కాంట్రాక్టుల గడువు ముగిసే రోజు) మధ్యాహ్నం రేటు కదలకుండా నిలబడిపోకుండా ఉంటాదా? ఉండదు. తిరుపతి, చిత్తూరులో ఏపీఐ వాడేవాళ్లు ఏమంటారో చెప్పండి.

పలమనేరు_టిక్

అన్నా, 590ని బ్రోకరేజీతో కొలిచి చూడు. కొని అమ్మితే రెండు ఆర్డర్లు, జీఎస్టీతో 47.20. అంటే పన్నెండున్నర ట్రేడ్ల బ్రోకరేజీ. నెలకు పది ట్రేడ్లు చేసేవాడికి ఏపీఐ డేటాతో పనే లేదు, యాప్ చాలు. రోజుకు పది చేసేవాడికి 590 లెక్కలోకి రాదు. పైగా జెరోధా వాళ్ల ఏపీఐ కైట్ కనెక్ట్ ఒకప్పుడు నెలకు 2,000 ఉండేది, 2025లో 500కి దిగింది. ఊరికే ఇచ్చే బ్రోకర్లూ ఉన్నారు. నచ్చకపోతే మారొచ్చు, ఎవరూ కట్టేసి పెట్టలేదు.

కొర్లగుంట_క్యాండిల్

మారొచ్చులే. డబ్బు తీసుకున్నోడు ఏం ఇస్తా ఉన్నాడో రాతలో పెట్టాలి కదబ్బా, నేనడిగేది అది.

రేణిగుంట_సర్వర్

ఏం ఇస్తున్నారో నేను చెప్తాను, కొంచెం పెద్దదే అవుతుంది.

బ్రోకర్ వెబ్‌సాకెట్‌లో (ధరలు ఆగకుండా వచ్చే కనెక్షన్) వచ్చేది ప్రతి ట్రేడూ కాదు, స్నాప్‌షాట్. ఒక సెకనులో ఒక ఆప్షన్‌లో ముప్ఫై ట్రేడ్లు జరిగాయనుకోండి, మీకు అందేది ఆ క్షణంలో చివరి ధర ఒకటో రెండో. మధ్యలో 112.40 తాకి వెనక్కి వచ్చేస్తే మీ ప్రోగ్రాం కట్టిన క్యాండిల్‌లో (కొన్ని నిమిషాల ధరలు చూపే చార్టు కడ్డీ) ఆ 112.40 కనిపించదు. కానీ అదే ప్యాకెట్‌లో డే హై (రోజులో అత్యధిక ధర) అనే గడి ఎక్స్చేంజ్ నుంచి నేరుగా వస్తుంది కాబట్టి అక్కడ 112.40 ఉంటుంది. డే హై ఒకటి చూపిస్తోంది, ఒక్క క్యాండిల్ కూడా దాన్ని తాకలేదు, మోసం అని గోల పెట్టేవాళ్లు చూడాల్సింది ఇక్కడే. వాల్యూం మాత్రం పోదు. ప్యాకెట్‌లో పొద్దుటి నుంచి జమ అయిన మొత్తం వస్తుంది, అందులోంచి ముందున్న మొత్తం తీసివేస్తే క్యాండిల్ వాల్యూం వచ్చేస్తుంది.

రెండు యాప్‌ల క్యాండిళ్లు కలవకపోవడానికి ఇంకో కారణం గడియారం. 9:19:59.9కి జరిగిన ట్రేడ్ ఫోన్‌కి 9:20:00.1కి చేరితే, చేరిన టైం చూసే సాఫ్ట్‌వేర్ దాన్ని తరవాతి క్యాండిల్‌లో వేస్తుంది. ఎక్స్చేంజ్ టైంస్టాంప్ చూసేది ముందు క్యాండిల్‌లోనే ఉంచుతుంది. ప్రోగ్రాం రాసేవాళ్లు ఎక్స్చేంజ్ టైమే వాడాలి.

ఇక బిగుసుకుపోవడం. సగం కేసుల్లో తప్పు మన వైపే ఉంటుంది. కైట్ ప్యాకెట్ లెక్క తీసుకుంటే, ధర ఒక్కటే అడిగితే 8 బైట్లు, కోట్ (వాల్యూం, డే హై లాంటివి కూడా) అయితే 44, డెప్త్‌తో (కొనే, అమ్మే ఆర్డర్ల జాబితా) సహా ఫుల్ మోడ్ అయితే 184. ఆప్షన్ చైన్ మొత్తం ఫుల్ మోడ్‌లో పెట్టి 500 స్ట్రైకులు (వేర్వేరు ధరల ఆప్షన్ కాంట్రాక్టులు) తెరిస్తే, సెకనుకు ఒక్క అప్‌డేట్ చొప్పున చూసినా 92,000 బైట్లు. లైన్ దాన్ని మోస్తుంది. మోయలేనిది ఒకే థ్రెడ్‌లో (ప్రోగ్రాంలో ఒకే వరసలో సాగే పని) ప్రతి టిక్కుకీ (ధర అప్‌డేట్‌కీ) ఎక్సెల్ షీట్‌ని, చార్టునీ తిరగరాసే మన కోడ్. వెనకబడిన ప్యాకెట్లు క్యూలో పేరుకుపోతాయి, మీరు చూసేది పది సెకన్ల పాత ధర. టిక్ అందుకునే పని ఒక థ్రెడ్‌కి, లెక్కలు ఇంకో థ్రెడ్‌కి ఇవ్వండి. ట్రేడ్ చేసే నాలుగు స్ట్రైకులకే ఫుల్ మోడ్, మిగతావాటికి ధర చాలు.

ఇంకోటి: నెట్ ఒక్క క్షణం పోయి వస్తే కనెక్షన్ తిరిగి కలుస్తుంది, సబ్‌స్క్రిప్షన్ (ఏ కాంట్రాక్ట్‌ల ధర కావాలని మనం అడిగిన జాబితా) కలవకపోవచ్చు. పచ్చ చుక్క వెలుగుతూనే ఉంటుంది, ధర చచ్చి ఉంటుంది. బాగా కదిలే కాంట్రాక్ట్‌లో చివరి ట్రేడ్ టైం మీ గడియారం కంటే ఐదు సెకన్లు వెనక ఉంటే కొత్త ఆర్డర్లు ఆపేసేలా కోడ్‌లో ఒక షరతు పెట్టుకోండి.

భవానీనగర్_చార్ట్

సగం మనదైతే మిగతా సగం ఎవరిది సార్? 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలిన నిమిషంలా 9:15కి అందరూ ఒకేసారి పడతారని బ్రోకర్‌కి తెలీదా?

రేణిగుంట_సర్వర్

తెలుసు. 8:50కే లాగిన్ అయి టీఓటీపీ (మారుతూ ఉండే లాగిన్ కోడ్) ముగించుకోమనేది అందుకే, లాగిన్ సర్వర్ మీద పడే బరువు వేరు, ధరలు పంపే ఫీడ్ బరువు వేరు. కెపాసిటీ పెంచకపోవడం మాత్రం బ్రోకర్ తప్పే, దాన్ని నేను వెనకేసుకురాను.

గ్రీమ్స్‌పేట_హెడ్జ్

మీరంతా 590 చుట్టూ తిరగతా ఉన్నారు. యాప్ నిలిచిపోయినప్పుడు డబ్బు పోయేది ఫీడ్ వల్ల కాదు, స్టాప్‌లాస్ (నష్టం ఇంతకు మించకుండా పెట్టుకునే ఆర్డర్) ఎవరి దగ్గర ఉండాదో తెలీకపోవడం వల్ల.

జీటీటీ అని ముందే చెప్పి పెట్టే ఆర్డర్ బ్రోకర్ సర్వర్‌లో కూర్చుంటాది. ధర మనం చెప్పిన ట్రిగ్గర్‌కి వచ్చినాకే అది ఎక్స్చేంజ్‌కి ఆర్డర్ పంపుతాది. బ్రోకర్ పడిపోతే అదీ పడిపోతాది. మన ప్రోగ్రాంలో రాసుకున్న స్టాప్‌లాస్ ఇంకా అన్యాయం, మన కరెంటు పోయినా పోయినట్టే. ఎస్ఎల్ (స్టాప్‌లాస్) ఆర్డర్ అట్లా కాదు. ఒకసారి అంగీకరించినాక ఎక్స్చేంజ్ ఆర్డర్ పుస్తకంలో ఉంటాది, బ్రోకర్ యాప్ తెరుచుకోకపోయినా దాని పని అది చేస్తాది.

దీంట్లో ఒక చిక్కుంది. ఆప్షన్స్‌లో ఎస్ఎల్-ఎం (ట్రిగ్గర్ తగిలితే దొరికిన ధరకే పోయే) ఆర్డర్లను ఎన్ఎస్ఈ 2021 సెప్టెంబరులోనే తీసేసింది. ఉండేది ఎస్ఎల్ లిమిట్ ఒక్కటే, లిమిట్ ధర కంటే తక్కువకి అది అమ్మదు. కొన్నదానికి ట్రిగ్గర్ 80, లిమిట్ 79.50 అని పెడతారు చాలామంది. ధర 81 నుంచి 76కి దూకితే ఆర్డర్ లేస్తాది, 79.50కి కొనేవాడు ఉండడు, అట్లే వేలాడతాది. లిమిట్ 72 పెట్టు. 72కే అమ్ముడుపోతుందని భయం వద్దు, పుస్తకంలో పైన ఉన్న మంచి బిడ్‌కే (కొంటామన్న ధరకే) ముందు పోతాది, 76 ఉంటే 76. మరీ కిందికి పెడితే ధర పరిధి దాటిందని ఎక్స్చేంజ్ తిప్పికొడతాది, అంతే.

ఇది చేసుకుంటే ఊరికే వచ్చే ఫీడ్ చాలు. చేసుకోకపోతే 5,000 కట్టినా దండగ.

కొర్లగుంట_క్యాండిల్

స్టాప్‌లాస్ మాట ఒప్పుకుంటా. అట్లాగని ఫీడ్ ఎట్లున్నా పర్లేదంటే ఎట్లా? అమ్మిన స్ట్రాడిల్‌ని (ఒకే స్ట్రైకు కాల్, పుట్ రెండూ) సర్దుకునేవాడికి కదిలే ధర కావాల్సిందే.

తిలక్‌రోడ్_డెస్క్

బ్రోకింగ్ ఆఫీసు వైపు నుంచి నాలుగు మాటలు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022 నవంబరు సర్క్యులర్‌లో టెక్నికల్ గ్లిచ్ అంటే వరసగా ఐదు నిమిషాలు, అంతకు మించి ఆగడం. 9:15 నుంచి 9:19:40 దాకా యాప్ నిలిచిపోతే ఆ లెక్కలోకి రాదు. ఎక్కువ డబ్బు పోయేదేమో ఆ నాలుగు నిమిషాల్లోనే. కొర్లగుంట అన్న కోపం డేటా ఫీజు మీద కంటే దీనిమీద ఉంటే మేలు.

యాప్ ఆగినప్పుడు ఫోన్ చేసి ఆర్డర్ పెడితే చాలా చోట్ల ఆర్డర్‌కి 50 రూపాయలు, పైన జీఎస్టీ పడుతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లదే ఆగింది కాబట్టి ఆ 50 వెనక్కి అడగండి, రాతపూర్వకంగా. బ్రోకర్ ప్రధాన సైటు, బ్యాకప్ సైటు రెండూ పడిపోతే ఐఆర్‌ఆర్‌ఏ అని ఎక్స్చేంజ్‌లు 2023లో తెచ్చిన వేదిక ఉంది. లింకు ఎస్ఎంఎస్‌లో, మెయిల్‌లో వస్తుంది. అందులోకి పోయి మన పొజిషన్లు (తెరిచి ఉన్న ట్రేడ్లు) మూసుకోవచ్చు, పెండింగ్ ఆర్డర్లు తీసేసుకోవచ్చు, కొత్తవి పెట్టలేం. అకౌంట్‌లో పాత మొబైల్ నంబర్ ఉంటే ఆ లింకు ఎవరికో పోతుంది.

ఫిర్యాదుకి "యాప్ పనిచేయలేదు" అని ఒక్క వాక్యం రాస్తే పని జరగదు. గడియారం కనపడేలా స్క్రీన్ రికార్డింగ్, ఆర్డర్ నంబర్, వచ్చిన ఎర్రర్ మాటలు ఉన్నవున్నట్టు, ఆ రోజు కాంట్రాక్ట్ నోట్ (లావాదేవీలకి బ్రోకర్ పంపే బిల్లు). ముందు బ్రోకర్‌కి, తేలకపోతే సెబీ ఫిర్యాదుల సైటు స్కోర్స్‌లో, అక్కడా తేలకపోతే ఆన్‌లైన్ వివాద పరిష్కార వేదిక స్మార్ట్ ఓడీఆర్.

పుత్తూరు_కోడ్

500 గురించి కొట్లాడుతున్నారు, స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) ఖర్చు ఎవరూ ఎత్తలేదే? సెబీ 2025 ఫిబ్రవరి సర్క్యులర్ ప్రకారం ఏపీఐ ఆర్డర్లు నమోదు చేసిన ఐపీ నుంచే పోవాలి. మన ఊళ్లలో ఇంటి ఫైబర్ చాలావరకు పదిమందికి ఒకే పబ్లిక్ ఐపీ, రౌటర్ రీస్టార్ట్ చేస్తే అదీ మారిపోతుంది.

రేణిగుంట_సర్వర్

రెండు దార్లు. నెట్ కంపెనీ దగ్గర స్టాటిక్ ఐపీ విడిగా కొనడం, లేదా ముంబైలో చిన్న క్లౌడ్ సర్వర్. అమెజాన్ క్లౌడ్‌లో 2024 ఫిబ్రవరి నుంచి పబ్లిక్ ఐపీకి గంటకు 0.005 డాలరు, నెలకు సుమారు మూడున్నర డాలర్లు, సర్వర్ అద్దె వేరే. నా ఓటు రెండోదానికే. వానాకాలంలో ఇంటి కేబుల్ తెగినా ప్రోగ్రాం అక్కడ నడుస్తూనే ఉంటుంది. వేగం కోసమైతే వద్దు. ఇక్కడి నుంచి ముంబై సుమారు వెయ్యి కిలోమీటర్లు, ఫైబర్‌లో వెలుతురు పోయిరావడానికి పది మిల్లీసెకన్లు, దారి మలుపులతో ఇంకొంచెం. స్నాప్‌షాట్ ఫీడ్‌తో ట్రేడ్ చేసేవాడికి దానివల్ల కలిసివచ్చేది ఏమీ లేదు.

పుత్తూరు_కోడ్

మా ఆవిడ అకౌంట్ కూడా అదే ఐపీ మీద పెట్టొచ్చా?

తిలక్‌రోడ్_డెస్క్

పెట్టొచ్చు. భార్య లేదా భర్త, మీ మీద ఆధారపడిన పిల్లలు, తల్లిదండ్రులు వరకు కుటుంబం కింద వస్తారు. బావమరిది అకౌంట్ మాత్రం కలపకండి. సెకనుకు పది ఆర్డర్ల లోపు ఉంటే అల్గోని (ఆర్డర్లు పెట్టే ప్రోగ్రాంని) ఎక్స్చేంజ్‌లో విడిగా రిజిస్టర్ చేయించే పని కూడా లేదు.

పలమనేరు_టిక్

చూసినావా అన్నా, సర్వర్, ఐపీ కలిపితే 590 చిన్నదైపోయింది.

కొర్లగుంట_క్యాండిల్

చిన్నదైతే ఊరికే ఇచ్చేయమను తమ్ముడూ. లేదా ఫీడ్ ఎప్పుడు ఎన్ని సెకన్లు ఆగిందో నెలాఖరుకి రాసి పెట్టమను, ఆ రోజే 590 కడతా.